గంప ఎత్తావా అని అడిగాను

1984వ సంవత్సరం, ఫిబ్రవరి నెల. గుంటూరులో బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి, ప్రత్తిపాడు ప్రాంతంలోని ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి ఏడాదిన్నర అయింది. మా ఇంట్లో నాకు ముందు కళాశాల మెట్లెక్కినవారు లేరు. పొలం పనులకు వెళ్లే మా పేటవాళ్లు నా మాటను డాక్టరు మాటతో సమానంగా తీసుకునేవారు. అది నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఒక ఉదయం దీనమ్మ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయిని, ఆమె అత్త సంతోషమ్మ, కబురందుకుని పక్క ఊరినుంచి వచ్చిన తల్లి మార్తమ్మ చెరొక రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. రక్తస్రావం ముందురోజే మొదలైంది. ఎల్.ఎం.పి., అనగా చివరి నెలసరి మొదలైన తేదీ నుంచి లెక్కిస్తే గర్భానికి పదో వారం. డాక్టరమ్మగారు పరీక్షించి ‘ఇన్‌కంప్లీట్ అబార్షన్’ అని రాశారు. గర్భం దానంతటదే పోయి, కొంత భాగం లోపల మిగిలిపోవడాన్ని వైద్యంలో అలా అంటారు. మిగిలినదాన్ని తీసి గర్భసంచిని శుభ్రం చేసే డి అండ్ సి ఆ పూటే జరిగింది.

సాయంత్రం కేస్ షీట్ నింపడానికి దీనమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. పడ్డావా, దెబ్బ తగిలిందా, బరువులెత్తావా అని వరుసగా అడిగాను.

“మొన్న కళ్లంలో మిరపకాయల గంప ఎత్తానండి,” అంది.

“అయ్యో, మూడో నెలలో గంపలెత్తవచ్చునా అమ్మా?” అన్నాను. రాసుకుంటూ, తలెత్తకుండానే అన్నాను.

మార్తమ్మ లేచి నిలబడింది. “విన్నావా వదినా? నర్సమ్మగారే అంటున్నారు! నా పిల్లని కళ్లానికి తోలి కడుపులో బిడ్డని పోగొట్టావు.”

“ఒక్క గంపే వదినా. నేను వద్దంటూనే ఉన్నా...”

“ఒక్కటైతేనేం, పదైతేనేం? ఇక నీ గడప తొక్కదు నా కూతురు!”

దీనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మరునాడు తల్లి ఆమెను తన ఊరికే తీసుకెళ్లింది.

రెండు వారాల తరువాత సంతోషమ్మ ఒక్కతే వచ్చింది. “పెళ్లాం కోసం మావాడు రెండుసార్లు వెళ్లాడండి. మా వదిన గుమ్మంలోంచే పంపేసింది. నిజంగా నేనే పోగొట్టానా అమ్మా? మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి.”

డాక్టరమ్మగారి గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె అంతా విని అన్నారు: “ఇంత తొందరగా పోయేవాటిలో ఎక్కువ భాగం పిండం మొదట్లోనే సరిగ్గా ఏర్పడక పోయేవే. గంపెత్తితే పోయేదైతే మన పల్లెల్లో కాన్పులే ఉండవు. ఇది నువ్వు చదివిందే కదా?”

చదివిందే. పరీక్షలో రాసిందే.

ఆ ఆదివారం సంతోషమ్మను వెంటబెట్టుకుని మార్తమ్మ ఇంటికి వెళ్లాను. నన్ను చూసి పీట వేయబోయిన మార్తమ్మ, నా వెనకనున్న మనిషిని చూసి ఆగింది. “ఈవిణ్ణెందుకు తెచ్చారండీ?”

“ఆ రోజు నేనన్నమాట తప్పు. గంప ఎత్తడంవల్ల గర్భం పోలేదు. పిండమే సరిగ్గా నిలవలేదు. ఎవరు ఏం చేసినా ఆగేది కాదు.”

“మీరెట్టా తప్పంటారు? మా వదిన కాళ్లావేళ్లా పడి చెప్పిస్తోందా ఏంటి?”

“లేదండి. తెలిసి కూడా ఆలోచించకుండా అన్నాను. ఆ తప్పు నాది, మీ వదినగారిది కాదు.” ఆ మాట పలకడానికి నేను దారిపొడవునా మనసును సిద్ధం చేసుకోవలసి వచ్చింది.

తలుపు వెనకనుంచి దీనమ్మ గొంతు వినిపించింది. “అయితే నేనూ ఏం చెయ్యలేదాండీ?”

“ఏమీ చెయ్యలేదమ్మా.”

ఆమె వసారాలోకి వచ్చింది. “మరి ఇప్పుడు ఏడవచ్చా? నేను ఏడ్చినప్పుడల్లా అమ్మ అత్తని తిడుతోంది. అందుకని ఏడవడం మానేశానండి.”

సంతోషమ్మ కిందనే కూలబడి, “ఏడువు తల్లీ, ఏడువు,” అంటూ చేతులు చాపింది. ఆ అమ్మాయి అత్త ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. పేరు పెట్టనిది, పాతిపెట్టనిది, ప్రార్థన కూడా చేయించనిది ఆ బిడ్డ. ఎవరినీ తిట్టకుండా దానికోసం ఆ ఇంట్లో ఏడ్చిన మొదటి ఏడుపు అదే. కొంతసేపటికి మార్తమ్మ కూడా వచ్చి కూతురి వీపు మీద చెయ్యి వేసింది. ఆ వారంలోనే దీనమ్మ అత్తింటికి వెళ్లిందని తరువాత తెలిసింది.

గర్భం పోయి వచ్చినవారిని అడగవలసిన ప్రశ్నలు నేటికీ అడుగుతూనే ఉన్నాను. అయితే ముందుగా, వెంట వచ్చినవారంతా వినేలా, “మీరు చేసిన పనివల్ల ఇలా జరగలేదమ్మా” అని చెబుతాను. ఆ తరువాత మాట్లాడకుండా కాసేపు మంచం పక్కనే కూర్చుంటాను. తప్పెవరిదో తేల్చే హడావిడిలో ఒక తల్లికి ఏడ్చే చోటు లేకుండా చేశానని తెలిసినప్పటినుంచి, అలా కూర్చోవడం కూడా నా ఉద్యోగంలో భాగమైంది.