గ్లాసు నిండితే మోగే పెట్టె

ఆ స్కూల్లో పిల్లలందరూ ల్యాబు అటెండర్ని బీకరు బాబాయ్ అనేవాళ్ళు. ఎక్కడ గాజు పగిలినా చప్పుడును బట్టే సంగతంతా చెప్పేస్తాడని ఆ పేరు వచ్చింది. "రెండొందల యాభై ఎమ్మెల్ది. మూడో బల్ల మీద. జారలేదు, ఆటల్లో పగిలింది," అని లోపలి గదిలోంచే కేకేసేవాడు. పదింట తొమ్మిదిసార్లు అది నిజమయ్యేది. పదోసారి పిల్లలు భయపడి ఒప్పేసుకునేవాళ్ళు.

పదకొండేళ్ళుగా అతనిది తాత్కాలిక ఉద్యోగమే. పర్మనెంటు చేయాల్సిన వాళ్ళ జాబితాలో పేరు ఉందని ఏటా చెప్పేవాళ్ళు. ఏ జాబితాలో ఉందో, అది ఎవరి బల్ల సొరుగులో ఉందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ల్యాబు వెనక ఇరుకు గది ఒకటుంది. ఒక గోడ నిండా సీసాలు, రెండో గోడకు కాలిన మచ్చల బల్ల. ఏటా సైన్స్ ఫెయిర్‌కు మూడు వారాల ముందు ఆ గది పెళ్ళివారి వంటిల్లయ్యేది. ఫలానా పిల్లాడికి పోటీ వస్తువు కట్టిపెట్టమని సైన్స్ మేడం చీటీ రాసి పంపేది, వెనకాలే తల్లో తండ్రో అట్టపెట్టె పట్టుకుని వచ్చేవాళ్ళు.

"మావాడికి ఐడియాలు బోలెడండీ. చేతుల్లోనే కాస్త పస తక్కువ," అందొకావిడ.

"కంగారు పడకండమ్మా. బుర్ర మీవాడిది, చేతులు నావి. దేవుడు అన్నీ ఒక్కడికే ఇస్తాడా?" అన్నాడు బాబాయ్.

నిజానికి బుర్ర కూడా బాబాయ్‌దే. వాళ్ళింటి నుంచి వచ్చింది అట్టపెట్టె ఒక్కటే. అయినా అతను విసుక్కునేవాడు కాదు. ఇంటర్ సైన్సు మధ్యలో వదిలేసినవాడు. తను కట్టిన యంత్రాల పక్కన పిల్లలు కప్పులు పట్టుకుని ఫొటోలు దిగుతుంటే, వెనక నిలబడి కర్టెన్ సరిచేస్తూ ఒకటికి నాలుగుసార్లు చూసుకునేవాడు. పని శుభ్రంగా ఉండాలి, అదే అతని పట్టుదల. తీగ అతికించిన ప్రతిచోటా, టంకం ఆరాక, పక్క తీగకు తగలకుండా భార్య గోళ్ళరంగు ఒక చుక్క వేసేవాడు. ఎర్రటి చుక్క. ఎవరి పెట్టె అయినా సరే, ఆ చుక్క లేకుండా మూత పడేది కాదు.

అతని కూతురు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. బడి వదిలాక ఆ ఇరుకు గదిలో కూర్చుని తండ్రి పని చూస్తూనే పెరిగింది. ఆ ఏడు తనూ పోటీలో ఉంటానంది. స్కూల్లో మొదట వచ్చినవాళ్ళు నగరంలో జరిగే పెద్ద పోటీకి వెళతారు. అక్కడ మొదటి ముగ్గురికీ సైన్స్ కాలేజీలో నేరుగా సీటు. పదో తరగతి వాళ్ళను పోటీకి తీసుకోరు కాబట్టి ఆ పిల్లకు ఇదే మొదలు, ఇదే చివర.

ఆమె కట్టాలనుకున్నది నానమ్మ కోసం. నానమ్మకు చూపు పోయి నాలుగేళ్ళు. గ్లాసులో వేడి పాలు పోసుకుంటే ఎంతవరకు వచ్చాయో తెలియక వేలు ముంచి చూసుకునేది. చూపుడువేలి కొన ఎప్పుడూ పొక్కి ఉండేది.

"వేలు పెట్టొద్దన్నానా నానమ్మా!"

"పెడితే ఏమైందే? ఈ వయసులో నా వేలికేమైనా పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా?"

గ్లాసు అంచుకు తగిలించే రెండు తీగలు, కింద చిన్న పెట్టె. పాలు ఆ తీగల దాకా రాగానే కరెంటు పారి పెట్టె మోగాలి. పాలకు మోగింది, కుళాయి నీళ్ళకూ మోగింది. ఫిల్టరు నీళ్ళకు మాత్రం మూగనోము పట్టింది. తండ్రి చెయ్యి చాపితే, "నువ్వు ముట్టుకోకు నాన్నా," అని పెట్టె వెనక్కి లాక్కుంది. వారం రోజులు తల బద్దలుకొట్టుకుని, ఓ సాయంత్రం గంతేస్తూ వచ్చింది.

"ఆ నీళ్ళలో లవణాలు తక్కువ నాన్నా, కరెంటు పీలగా వస్తోంది. ఒక్క ట్రాన్సిస్టర్ చాలదు. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని చెవిలోకి చెప్పించాలి. అప్పుడు గుసగుస కూడా కేక అవుతుంది!"

బాబాయ్ ఆ పెట్టెను కళ్ళు చిట్లించి చూశాడు. అన్నేళ్ళలో తను కట్టినవాటిలో ఒక్కటంటే ఒక్కటే ట్రాన్సిస్టర్ ఉండేది. ఇలా రెండు జోడించవచ్చని అతనికి తెలియదు. ఆ మాట కూతురితో అనడానికి సిగ్గేసి, "బాగుందే అమ్మడూ," అని ఊరుకున్నాడు. అతుకుల మీద ఆ పిల్ల గోళ్ళరంగు చుక్కలు పెడుతుంటే మాత్రం ముసిముసిగా నవ్వుకున్నాడు. అతుకు పెడితే చుక్క పెట్టాలి; ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

పోటీ రోజు జడ్జిగా వచ్చినాయన రిటైరైన ఇంజినీరు. జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగే మనిషి. కాంట్రాక్టరు కొడుకు కట్టిన 'భూకంపం గంట' దగ్గర ఆగి, "ఈ బరువు ఇక్కడే ఎందుకు వేలాడదీశావు?" అని అడిగాడు. ఆ కుర్రాడు మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాడు. "ఆగు నాన్నా, మధ్యలోది అడిగాను," అంటే, మధ్యలోకి రావాలంటే మళ్ళీ మొదటికే వెళ్ళాడు. మరో మూడు బల్లల దగ్గరా అదే తంతు.

తరవాత అటెండరు కూతురి బల్ల. ఆయన అడిగాడు, ఆ పిల్ల చెప్పింది. ఆయన ఇంకోటి అడిగాడు. తెలియదంది, కానీ ఎలా తెలుసుకోవచ్చో చెప్పింది. ఆయన మొహం వికసించింది. ఫిల్టరు నీళ్ళు తెప్పించి స్వయంగా పోసి, మోగగానే పకపకా నవ్వాడు. ఆ సంబరంలోనే పెట్టె తిరగేసి మూత విప్పాడు.

నవ్వు ఆగింది. వెనక్కి వెళ్ళి భూకంపం గంట మూత విప్పాడు. ఆ పక్కవి మూడూ విప్పాడు.

"ఎర్ర చుక్కలు," అన్నాడు హెడ్‌మాస్టరుతో. "అయిదింటిలోనూ ఒకే చెయ్యి కనిపిస్తోందండీ. దీనికి చిన్న పరీక్ష చాలు. అయిదుగురూ ఎవరి పెట్టె వాళ్ళు విప్పి, నా ఎదుటే మళ్ళీ కట్టాలి. గంట టైమిస్తాను. కట్టినవాళ్ళే పోటీలో ఉంటారు."

ఆయన మాట పూర్తికాకముందే అటెండరు కూతురు తీగలు విప్పడం మొదలుపెట్టింది. మిగతా నలుగురూ అమ్మానాన్నల వైపు చూశారు. ముందు వరసలో కూర్చున్న కాంట్రాక్టరు హెడ్‌మాస్టరు వైపు చూశాడు. స్కూలు కొత్త ల్యాబు భవనం ఉచితంగా కట్టిస్తున్నది ఆయనే.

"అయిదు నిమిషాలు సార్, కాఫీ తాగండి," అని జడ్జిని కూర్చోబెట్టి, హెడ్‌మాస్టరు బాబాయ్‌ని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. సైన్స్ మేడం లోపలికొచ్చి తలుపు వేసింది.

"ఎంత పని చేశావయ్యా!"

"మీరు పంపితేనే కదా సార్ చేసిపెట్టింది..."

"నేనా? నేనెప్పుడు పంపాను? కాగితముందా?"

మేడం చీటీలు ఏటికేడు బన్సెన్ బర్నర్ వెలిగించడానికి వాడేశాడు బాబాయ్. మేడం వైపు చూశాడు. ఆమె సీసాల మీది పేర్లు చదువుతోంది.

"ఒక్క మాటతో పోయేది," అన్నాడు హెడ్‌మాస్టరు. "నలుగురికీ పని నేర్పాను, వాళ్ళే చేసుకున్నారు, మా అమ్మాయిది మాత్రం నేనే కట్టిచ్చానని చెప్పు. తండ్రి ప్రేమ. ఎవరూ తప్పుపట్టరు."

"దాన్ని నేను ముట్టుకోనే లేదు సార్. ఒట్టు."

"మీ అమ్మాయి తెలివైంది," అంది మేడం మెల్లగా. "ఇక్కడ కాకపోతే ఇంకోచోట మెరుస్తుంది. ఆ నలుగురికీ ఇది పోతే ఇంకేముంది చెప్పండి, పాపం?"

"పాపమా మేడం?" అన్నాడు బాబాయ్.

హెడ్‌మాస్టరు గొంతు తగ్గించాడు. "పర్మనెంటు కాగితాలు ఈ వారమే సంతకానికి వెళుతున్నాయి. నీ పేరుంది. లేదూ, పిల్లలకు మోసం నేర్పుతున్నాడని రాసి పంపమంటావా? అప్పుడు నువ్వూ ఉండవు, మీ అమ్మాయీ ఈ స్కూల్లో ఉండదు. ఎటు తిరిగినా దాని పోటీ పోయినట్టే. కనీసం చదువైనా మిగుల్చుకో."

హాల్లోకి వచ్చేసరికి కూతురు పెట్టె సగం విప్పేసి, తీగలన్నీ వరసగా పేర్చి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కడం కోసం చూస్తోంది. తండ్రిని చూసి కళ్ళతోనే నవ్వింది. నాకేం భయం లేదులే అన్నట్టు.

బాబాయ్ చెప్పమన్నది చెప్పాడు. ఎవరి వైపూ చూడకుండా, నేల మీద టేపు అంటించిన గీతను చూస్తూ చెప్పాడు.

"నాన్నా?" అంది కూతురు. సరిగ్గా వినపడలేదేమో అనుకున్నట్టు.

జడ్జికి నమ్మబుద్ధి కాలేదు. "ఈ రెండు ట్రాన్సిస్టర్ల ఆలోచన నీదేనా? ఎందుకు పెట్టావో చెప్పు చూద్దాం."

ఇక్కడ తడబడినా సరిపోయేది. తెలియదన్నా సరిపోయేది. జడ్జికి నిజం దానంతటదే తెలిసిపోయేది, బయటపెట్టిన తప్పు అతని మీద పడేది కాదు. కానీ పదకొండేళ్ళుగా పెద్దవాళ్ళు అడిగిన దానికల్లా టక్కున జవాబిచ్చి అలవాటైన మనిషి.

"ఫిల్టరు నీళ్ళలో కరెంటు పీలగా వస్తుంది సార్. ఒక్కటి చాలదు. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని చెవిలోకి చెప్పించాలి. అప్పుడు గుసగుస కూడా కేక అవుతుంది."

"భేష్," అన్నాడు జడ్జి, నిట్టూర్చి. ఆ పిల్ల వైపు తిరిగి, "బాగానే బట్టీ పట్టావమ్మా. నన్నే బోల్తా కొట్టించావు," అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ పిల్ల సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, చల్లారేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

సంగతి తేలిపోయింది కాబట్టి ఇక పరీక్ష అక్కర్లేదన్నాడు హెడ్‌మాస్టరు. కప్పు కాంట్రాక్టరు కొడుక్కి వచ్చింది. కుర్చీలు మడతపెట్టింది బాబాయే.

మూడోరోజు జడ్జి రిపోర్టు వచ్చింది. భూకంపం గంట నగరం పోటీలో నిలవదని, హాలు మొత్తంలో పనికొచ్చేది గ్లాసు పెట్టె ఒక్కటేనని, అది పిల్లలు చేసింది కాకపోవడం తన దురదృష్టమని రాశాడు. హెడ్‌మాస్టరు బాబాయ్‌ని పిలిచాడు.

"అక్కడి జడ్జీలు వేరే వాళ్ళు. ఆ గ్లాసు పెట్టెను కాంట్రాక్టరు గారబ్బాయి పేరుతో పంపుతున్నాం. సిద్ధం చెయ్యి."

"అది మా అమ్మాయిది సార్!"

"ఎవరిదీ?"

హెడ్‌మాస్టరు రిపోర్టు మడిచి సొరుగులో పెట్టాడు.

"ల్యాబు అటెండరు కట్టింది ల్యాబుది. అందరి ముందూ నువ్వే చెప్పావు. చుక్కలు మాత్రం గీకెయ్యి."

మర్నాడంతా కూర్చున్నా సగం విప్పిన ఆ పెట్టె అతనికి కట్టుబడలేదు. రెండు ట్రాన్సిస్టర్లకూ కలిపి ఉన్న ఆరు కాళ్ళలో ఏ కాలు ఎటు పోవాలో తెలియలేదు. పాలకు మోగుతోంది, నీళ్ళకు మోగట్లేదు. ఒకసారి పొగ వచ్చింది. ఇంట్లో కూతురు అన్నం తిని లేచిపోవడమే తప్ప ఎదురుపడటం లేదు. అయినా వెళ్ళి అడిగాడు. "ఒక్కసారి వచ్చి చూడు అమ్మడూ. లేకపోతే నాకు మాటొస్తుంది."

వస్తుందనుకోలేదు. ఇంటర్వెల్‌లో వచ్చింది. వెనక గదిలో కాంట్రాక్టరు కొడుకు అప్పటికే నోట్సుతో కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల స్టూలు లాక్కుని, తండ్రి పెట్టిన అతుకులన్నీ పీకేసి, మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టింది. ఏ కాలు ఎందుకో ఒక్కొక్కటే ఆ కుర్రాడికి చెప్పింది. తప్పు చెబితే సరిదిద్దింది. ఎక్కడా ఏదీ దాచలేదు. బాబాయ్ గుమ్మంలో నిలబడి, కనీసం ఒక్క తీగైనా తప్పు కలిపితే బాగుండు అనుకున్నాడు. కలపలేదు. ఆ పిల్లకూ పని శుభ్రంగా ఉండాలి.

కుర్రాడు చెడ్డవాడేం కాదు. పెన్సిల్ కొరుకుతూ అడిగాడు. "నిజం చెప్పు. ఇది ఎవరు కట్టారు?"

"ఆయనే. చెప్పాడుగా, వినలేదా?"

ఫిల్టరు నీళ్ళు పోసింది. పెట్టె మోగింది. ఈసారి అతుకుల మీద ఏ చుక్కా పెట్టకుండానే లేచి, చేతులు పావడాకు తుడుచుకుంది. తండ్రి పక్కనుంచి వెళుతూ, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, "మూత బిగించేయండి. మళ్ళీ నన్ను పిలవకండి," అని, బెల్లు కొట్టకముందే క్లాసుకు వెళ్ళిపోయింది.

బాబాయ్ నాలుగు స్క్రూలూ బిగించాడు. మేడం ఇచ్చిన పేరు చీటీ, కాంట్రాక్టరు కొడుకుది, జిగురు రాసి మూత మీద అతికించాడు. అది కాస్త పక్కకు పడింది. ఊడదీసి, స్కేలు పెట్టి కొలిచి, మళ్ళీ తిన్నగా అతికించాడు.