పీట అందని జీపు

మా ఆయన జీపుకి పెద్ద టైర్లు వేయించి, కమాన్ పట్టీలు పెంచి ఎత్తు చేయించారు. అప్పట్నుంచీ ఎక్కాలన్నా దిగాలన్నా నాకు ముక్కాలిపీట కావాలి. ఈ రోజు అది ఇంట్లో మర్చిపోయి హథ్‌ఖోజ్‌లో మెకానిక్ దగ్గరికెళ్లాం, మలుపుల్లో టైరు మడ్‌గార్డుకి రాసుకుంటోందని.

“ఇంకో పట్టీ ఏసేస్తే అయిపోద్ది భయ్యా. రెండంగుళాలు లేస్తాది,” అన్నాడు మెకానిక్.

“ముందు నన్ను దించండి,” అన్నాను.

“అయిదు నిమిషాల పనికి ఏటే ఆ కంగారు? కూకో,” అన్నారు మా ఆయన.

నన్ను పైన ఉంచే జీపుని జాకీతో ఎత్తారు. రెండు గంటలు పట్టింది.

సాయంత్రం ఇంటి ముందు ఆగాక ఆయనే పీట తెచ్చి వేశారు. కాలు అందలేదు.

ఎవరింట్లోనైనా ఇంకాస్త ఎత్తు పీట ఉందా? ఇది జీపులో కూర్చునే రాస్తున్నాను.