శనివారం ఆముదం

శుక్రవారం మధ్యాహ్నం మందుల ఫ్యాక్టరీ వ్యానులోంచి ఆ మూతను దించారు. స్కూటరు చక్రమంత వెడల్పు, నాలుగు వేళ్ల మందం, మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు. అంచు చుట్టూ పన్నెండు రంధ్రాలు వాళ్లే వేయించి తెచ్చారు. వాటిలో బోల్టులు పట్టేలా మరలు కోయడం మా పని. వెంట వచ్చిన సూపర్‌వైజరు ఒక్కటే షరతు పెట్టాడు. ఆ మూత కింద మందు ఉడుకుతుంది కాబట్టి పెట్రోలియం నూనె చుక్క కూడా తగలకూడదు. గింజల నూనె మాత్రమే వాడాలి. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకెళతారు.

"నూనె సంగతి మాకు చెప్పకండి. మూడు తరాలు గానుగ నడిపిన ఇల్లు మాది," అన్నాను.

అనవలసిన అవసరం లేదు. ఆ గానుగ మా చేయి దాటి ఇరవై ఏళ్లు అయింది. మా నాన్న హయాంలో ముందు చెరకు పొలం పోయింది, తర్వాత గానుగ పోయింది. మిగిలిన బండ్ల కొట్టంలో నేను ఒక లేతు మిషనూ ఒక డ్రిల్లింగ్ మిషనూ పెట్టుకున్నాను. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా బుచ్చయ్యపేట వైపు బెల్లం వండే రైతులు. చెరకు క్రషర్ల షాఫ్టులు, పళ్లు అరిగిన గేర్లు తెస్తారు. ఫ్యాక్టరీ పని రావడం అదే మొదలు. ఆ మూత పాడైతే మా కొట్టం మొత్తం అమ్మినా అలాంటిది ఇంకొకటి రాదు.

శనివారం ఉదయం మా ఫిట్టరు మూతను బల్లకు బిగించాడు. నాకంటే పదేళ్లు పెద్ద. మరలు కోసే ట్యాప్‌కు పిడి తగిలించి రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య సీసాలోంచి ఆముదం. ఈ స్టీలు మామూలు ఇనుములా లొంగదు. ఒరుసుకున్నచోటే గట్టిపడి ట్యాప్‌ను పట్టేస్తుంది. ఆముదం చిక్కగా అంచుకు అంటుకుని ఉండి ఆ పట్టు పడనివ్వదు. నాలుగు రంధ్రాలు అలాగే అయ్యాయి. ఐదోదాని దగ్గర సీసాలో ఆముదం అడుగంటింది.

తప్పు నాదే. ఉన్నది సరిపోతుందని చూడకుండానే అనుకున్నాను. పైగా వంటింట్లోంచి పొద్దుతిరుగుడు నూనె తెచ్చి, "ఇదీ గింజల నూనే కదా, పొయ్యి," అన్నాను. ఫిట్టరు నా ముఖం ఒకసారి చూసి పోశాడు. మూడు చుట్లు తిరిగిందో లేదో, ట్యాప్ కీచుమంది. అంతే, ముందుకూ రాలేదు, వెనక్కీ రాలేదు.

"దీంతో గారెలు ఏపుకోవాల బాబూ. స్టీలు కొయ్యకూడదు."

"కొంచెం గట్టిగా తిప్పి చూడు."

"ఇరిగితే ముక్క లోపలుండిపోద్ది. దాన్ని ఏ డ్రిల్లూ కొయ్యలేదు. అప్పుడు మూతతోపాటు మనిద్దరం కూడా ఎల్లాల ఫేక్టరీకి."

"ఏం కావాలి మరి?"

"ఆముదం. మంచిది. బేగెల్లండి, సల్లారేకొద్దీ ఇంకా బిగుసుద్ది."

మొదటి కిరాణా కొట్టతను "శనివారం పూట నూనెకొచ్చేరేటండీ?" అని నవ్వి దీపం నూనె సీసా ముందు పెట్టాడు. కళ్లజోడు పెట్టుకుని వెనక చీటీ చదివాను. అందులో ఏ నూనెలు కలిపారో రాయలేదు. మందుల షాపులో తలకు రాసుకునే ఆముదం ఉంది. సన్నటి అక్షరాల చివర పారఫిన్ అని ఉంది. అది పెట్రోలియంలోంచి వచ్చేదే. మూడో చోట సీసా మీద 'స్వచ్ఛమైన' అని పెద్దగా రాసి ఉంది. అంత పెద్దగా రాసినందుకే నాకు అనుమానం వచ్చింది. నాకు తెలిసిన నికరమైన ఆముదం ఊళ్లో ఒక్కచోటే దొరుకుతుంది. ఆ వీధిలో నేను అడుగుపెట్టి ఇరవై ఏళ్లు.

ఒకప్పుడు మా గానుగ ఎద్దులను తోలినాయన కోడలిదే ఇప్పుడు ఆ గానుగ. ఈమధ్య గానుగ నూనెకు మళ్లీ గిరాకీ వచ్చి బాగా నడుస్తోంది. నేను వెళ్లేసరికి ఆమె ముందు గుమ్మంలో కూర్చుని ఆముదం గింజలు చెరుగుతోంది. చూసి లేచి నిలబడింది.

"ఏటి బాబుగోరూ, మీరే వచ్చేరేటి! కబురెడితే పంపనా?"

"ఒక లీటరు ఆముదం కావాలమ్మా. తొందరగా."

"ఇయ్యాల శనోరం కదా బాబూ."

"తెలుసు."

"శనోరం గానుగ తోలం, నూనె అమ్మం. మీ తాతగోరు పెట్టిన ఆచారమే కదా. మేం మార్సలేదు."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉంటే బదులు చెప్పేవాణ్ణి. ఆమె కాసేపు ఆలోచించి అంది, "అమ్మనంటే అమ్మను. ఊరికే పట్టికెల్లండి."

"ఊరికే నేనేదీ తీసుకోను."

"అయితే దానం పట్టండి. నాకు ఏలినాటి శని నడుత్తందని పంతులుగోరు సెప్పేరు. తైలదానం ఇద్దామంటే ఆయనే పట్టనన్నారు, సూడండి!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇచ్చేవాళ్లు నూనెలో తమ ముఖం చూసుకుని ఇస్తారు. వాళ్ల పీడ నూనెతోపాటు పట్టినవాళ్లకు వెళ్లిపోతుందని నమ్మకం. మా నాయనమ్మ ఏటా ఇచ్చేది. పట్టేవాళ్లు మా వెనక గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడేవారు, నేను లోపలినుంచి చూసేవాణ్ణి. నాకు శని మీద నమ్మకం లేదు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. అప్పుడే ఫోను మోగింది. ఫిట్టరు.

"బాబూ, దొరికిందేటి? ఇది రాయైపోతంది."

"ఇవ్వమ్మా," అన్నాను.

ఆమె ఇత్తడి గిన్నెలో ఆముదం పోసి, వంగి ముఖం చూసుకుంది. బొట్టు సరిచేసుకుని మళ్లీ చూసుకుంది. ఆముదం చేతిలోంచి చేతికి ఇవ్వరు కాబట్టి గిన్నెను నేల మీద పెట్టింది. పక్కన ఒక రూపాయి బిళ్ల. "దచ్చిన లేకపోతే దానం సెల్లదు బాబూ." వంగి రెండూ తీసుకున్నాను. నడుము పట్టేసినట్టు లేవడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె గరాటు వెతికి నూనెను డబ్బాలో పోసి మూత బిగించింది.

స్కూటరు మీద పాదాల మధ్య డబ్బా ఒత్తిపట్టుకుని వస్తూ ప్రతి గుంట దగ్గరా బండి దిగినంత పని చేశాను. ఫిట్టరు వాసన చూశాడు.

"గానుగదే. శనోరం ఎలాగిచ్చింది?"

"ఇచ్చింది."

అతను డబ్బాను వేడినీళ్లలో పెట్టి, ఆముదం పల్చబడ్డాక రంధ్రానికి పైనా కిందా పోశాడు. పావుగంట ఆగాడు. పిడి పట్టుకుని వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కి అదిలిస్తున్నాడు.

"మీరు బయటికెల్లండి బాబూ. అలా కర్రలా నిలబడితే నా సేతులు ఆడవు."

బయట గోడ పక్కన నిలబడి చెవులు రిక్కించాను. పట్టిన దానం ఊరికే పోతుందా అనే మాట మనసులోకి వచ్చింది. లోపల టక్‌మన్న చప్పుడు. విరిగిందనే అనుకున్నాను. పరుగున వెళ్లేసరికి ఫిట్టరు ట్యాప్‌ను వెలుతురుకు పట్టి పళ్లు చూస్తున్నాడు. విరిగింది ట్యాప్ కాదు, స్టీలు దాన్ని పట్టుకున్న పట్టు. ఐదో రంధ్రం మళ్లీ మొదలుపెట్టి, పొద్దు వాలేలోపు పన్నెండూ పూర్తి చేశాడు.

ఆదివారం సూపర్‌వైజరు తెల్లగుడ్డతో మూతంతా తుడిచి వాసన చూసి తలాడించాడు. తర్వాత కొత్త బోల్టు తీసి ఒక్కో రంధ్రంలో చేత్తో తిప్పాడు. ఐదోదాంట్లో సగం దిగి ఆగింది. నేను ఫిట్టరు వైపు చూడలేదు. సూపర్‌వైజరు బోల్టు వెనక్కి తీసి, ఊది, ఇంకోసారి తిప్పాడు. నెమ్మదిగా అడుగుదాకా దిగింది.

"ఇక్కడ కొంచెం టైటు. పర్లేదు సార్," అన్నాడు. సంతకం పెట్టించుకుని తీసుకెళ్లిపోయాడు.

"ఎల్లిపోయింది కదా బాబూ, ఇంకేటి?" అన్నాడు ఫిట్టరు, నేను ఖాళీ బల్ల దగ్గరే ఉండిపోతే. ఐదోదాంట్లో మరలు ఏమాత్రం చిరిగాయో నిజం చెప్పమన్నాను. "పట్టింది కదా," అన్నాడు.

ఆ మూత ఇప్పుడు ఎక్కడో మరుగుతున్న మందు మీద బిగించి ఉంది. పదకొండు బోల్టుల సంగతి నేను మరిచిపోయాను. ఫ్యాక్టరీ నంబరు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా ముందు కుర్చీ వెతుక్కుని కూర్చుంటాను. తర్వాతే ఎత్తుతాను.