తన కారును తానే కొనుక్కున్న కసిరాన్

కసిరాన్ నోట 'కాదు' అన్న మాట విన్నవాళ్లు గొందాంగ్ సందులో ఎవరూ లేరు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంజను పాడైపోయిందని డ్రైవరు మొహం మీద చెప్పలేక, "దానికి కొంచెం విశ్రాంతి కావాలేమో" అనేవాడట. పెళ్లిళ్లలో ముద్ద మీద ముద్ద వడ్డిస్తుంటే వద్దనలేక తినేసి, రాత్రంతా వాకిట్లో పచార్లు చేసేవాడు. ఇన్నేళ్ల జీవితంలో ఆయనకు శత్రువులు లేరు. కడుపు నొప్పి మాత్రం ఉంది.

అలాంటి మనిషి ఒక మాట ఇచ్చాడు.

మంత్రసాని సుమార్ని పెద్దావిడ, అందరికీ 'బు', అంటే అమ్మ. సందులో దాదాపు అందరికీ బొడ్డు కోసిన చేతులు ఆవిడవి. వానలో, బురదలో, పురిటినొప్పుల కబురు వచ్చిన చోటికల్లా ఆవిడ తన చిన్న మోరిస్ కారు తోలుకుంటూ వెళ్లేది. చూపు మందగించాక కారు షెడ్డులో మూలపడింది, కోళ్లు గుడ్లు పెట్టాయి. ఒకరోజు కసిరాన్‌ను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టింది.

"నువ్వే తీసుకో నాయనా. బాగుచేసి, ఏదో ఒక రువాహ్ నెలలో, అందరూ సమాధులకు పూలు పట్టుకెళ్లేటప్పుడు, నన్ను మా ఆయన సమాధి దగ్గరికి దాంట్లోనే తీసుకెళ్లు. వేరే బండి ఎక్కను. ఎలాగూ చివర్న నలుగురు మోసుకెళ్లేదే. దానికి ముందు ఒక్కసారి నా బండిలో పోవాలి."

"అలాగేనండీ బు," అన్నాడు కసిరాన్. ఆయనకు తెలిసిన జవాబు అదొక్కటే. అయితే ఈసారి మనసులోనూ అదే ఉంది.

కారు డొల్లను పట్నంలో సొట్టలు తీసే మిత్రుడి షెడ్డుకు పంపాడు. మిగతా భాగాలన్నీ విప్పి, పెరట్లో పనస చెట్టు కింద గోనెపట్టాల మీద పరిచాడు. ముందువైపు జాలీ, లైట్ల చుట్టూ ఉండే రింగులు, తలుపు పిడులు, కార్బురేటర్, స్టీరింగు. లేనివాటిని సంతల్లో వెతికేవాడు, ఉన్నవాటిని కిరసనాయిల్లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పగిలిన చోట మాటు వేసేవాడు. అన్నిటిలోకీ ఆయనకు ముద్దొచ్చేవి రెండు సైగచేతులు. ఆ పాత మోరిస్‌లో తలుపు పక్కనున్న స్తంభంలో బెత్తెడు పొడుగు నారింజరంగు చెయ్యి దాక్కుని ఉంటుంది. మీట నొక్కితే టక్కున బయటికి వచ్చి, బండి ఎటు తిరుగుతుందో వెనకవాళ్లకు చూపిస్తుంది. కుడికొకటి, ఎడమకొకటి.

"ఎప్పటికవుతుంది పక్?" అని దారిన పోయేవాళ్లు, పెద్దాయనను పిలిచే మర్యాదతో, అడిగేవాళ్లు.

"వచ్చే శుక్రవారానికి," అనేవాడు కసిరాన్. ఏ శుక్రవారమో ఎవరూ అడిగేవాళ్లు కాదు. అది మర్యాద కాదు.

ఆ ఏడు ఆగస్టులో ఆయన అత్తగారికి జబ్బు చేసింది. భార్య లాస్మినితో కలిసి వొనొగిరి వెళ్లి, ఆవిడ లేచి కూర్చునేదాకా ఉండి, స్వాతంత్ర్య దినం దాటాక తిరిగొచ్చారు.

పెరటి తలుపు తీస్తే పెరడు మెరిసిపోతోంది. పనస చెట్టు మొదలుకు తెల్లసున్నం. గోడ పొడుగునా పాత డబ్బాల్లో బంతిమొక్కలు. నేల అద్దంలా ఊడ్చి ఉంది. గోనెపట్టాలు లేవు. వాటి మీదవీ లేవు.

వీళ్లు దిగడం చూసి వాడపెద్ద సుగిత్ నవ్వుతూ వచ్చాడు. వెనకే పక్కింటి టుమి. తెల్లారకముందే లేచి, సోయా గింజలు పులియబెట్టిన టెంపే ముక్కల్ని అరటాకులో కట్టి ఇంటింటికీ అమ్మే మనిషి. ఆమె వెనక ఇంకా పదిమంది.

"ఇన్నేళ్లుగా మీకు తీరిక చిక్కలేదు పాపం," అన్నాడు సుగిత్. "జెండా పండక్కి సందంతా ముస్తాబవుతుంటే మీ పెరడొక్కటే అలా ఉండిపోతుందేమని, అందరం తలో చెయ్యి వేశాం పక్."

"ఇక్కడ... కొంచెం ఇనుప సామాను ఉండాలే?" అన్నాడు కసిరాన్, వాన పడిందా అని అడిగినంత తేలిగ్గా.

"అదా! ఒక్క తుప్పు ముక్క మిగల్చలేదండీ! పాతసామాన్ల బండివాడు ఊడ్చుకుపోయాడు. ఆ డబ్బుతోనే పిల్లల ఆటలకు బహుమతులు కొన్నాం. మైకులో దాతల పేర్లు చదివితే మీ పేరే ముందు!"

"మీరు మంచి సామాను అంతా కారుతో పాటే పట్నం పంపేశారు కదా," అంది టుమి. "ఈ చెత్తలో తేళ్లు చేరాయండీ. మా ఆయన్ని కుట్టేదే!"

లాస్మిని నోరు తెరిచింది. కసిరాన్ ఆవిడ కాలు తొక్కాడు. "అబ్బా!" అంది ఆవిడ.

"చూశారా, ఇంకా ఉన్నాయి తేళ్లు!" అని టుమి చీపురు కోసం పరుగెత్తింది.

"ఎంత శ్రమ పడ్డారు," అన్నాడు కసిరాన్. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కృతజ్ఞత అనుకుని సుగిత్ కళ్లు కూడా తడయ్యాయి. "టీ తాగకుండా ఎవరూ కదలకూడదు."

అందరూ తాగారు. చక్కెర ఎక్కువే పడింది.

వాళ్లు వెళ్లాక లాస్మిని కాలు నిమురుకుంటూ నిలదీసింది. "నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెబితే నష్టం కట్టడానికి సుగిత్ తన మేకల్ని అమ్మేస్తాడు. టుమి మన గుమ్మం ముందు నడవలేక చెరుకుతోట చుట్టూ తిరిగి పోతుంది, నెత్తి మీద తట్టతో. మనకు మేలు చెయ్యాలని చేసిన పనే కదా. ఇనుము ఎలాగూ పోయింది. మనుషుల్ని కూడా పోగొట్టుకుందామా?"

"మరి బు సుమార్నికిచ్చిన మాటో?"

ఆయన సాయంత్రపు అసర్ నమాజుకు వేళయిందని లేచాడు. ఆ రోజు దువా కొంచెం పొడుగైంది.

మర్నాటి నుంచి ఆయన తన కారును వెతుక్కునే పనిలో పడ్డాడు. చుట్టుపక్కల పాత ఇనుమంతా చివరికి చేరేది సోలో పట్నంలోని పాతసామాన్ల సంతకే. అక్కడ చాపల మీద సామాను పరుచుకుని కూర్చునే తోహిర్ దగ్గర మొదటి వారమే మోరిస్ ముందు జాలీ కనిపించింది. ఎడమ మూల తన మాటు. కన్నబిడ్డను పరాయివాళ్ల ఉయ్యాల్లో చూసినట్టయింది.

సంతలో కావలసినదాన్ని చూడకూడదు. కసిరాన్ ఒక గిన్నె మూత తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

"మూతేనా పక్? దానికి గిన్నె లేదు," అన్నాడు తోహిర్.

"మా ఇంట్లో గిన్నె ఉంది. ఆ వెనకదేమిటి, కోళ్లగంప తలుపా?"

"కోళ్లగంపా! ఎంత మాటన్నారు! మలాంగ్‌లో డచ్చి దొర ఎస్టేటు నుంచి వచ్చింది. ఆ మూల మాటు చూడండి. వేలితో తడిమినా దొరకదు. ఇలాంటి పనివాళ్లు ఇప్పుడెక్కడున్నారు? పోయుంటాడు పాపం."

"దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి," అన్నాడు కసిరాన్, తన ఆత్మకే శాంతి కోరుకుంటూ.

"మీరే చెప్పండి, అంత పనితనానికి బేరమాడబుద్ధేస్తుందా?"

కసిరాన్‌కు బుద్ధెయ్యలేదు. అడిగినంతా ఇచ్చి, మూత కూడా కొనుక్కుని వచ్చాడు. సొంత పనిని మెచ్చుకున్నవాడి దగ్గర బేరమాడటం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"వారం వారం సోలో వెళ్తున్నారే?" అని సుగిత్ అడిగాడు.

"పిట్టకు గింజల కోసం," అన్నాడు కసిరాన్. చేతికందిన అబద్ధం అదే. ఇంట్లో పిట్ట లేదన్న సంగతి అబద్ధం బయటికొచ్చాక గుర్తొచ్చింది.

కొన్ని వారాల తర్వాత సుగిత్, ఎందుకో మొహం వేలాడేసుకుని, ఒక పంజరం తెచ్చి అరుగు మీద పెట్టాడు. లోపల బూడిదరంగు గువ్వ.

"గింజలున్నాయి, పిట్టే కదా లేదు," అన్నాడు. కసిరాన్ కళ్లలోకి మాత్రం చూడలేదు.

"నా దగ్గర ఒక గువ్వ ఉండాలని మీకెలా తోచిందండీ! నా మనసులో మాట," అన్నాడు కసిరాన్. ఇక నిజంగానే గింజలు కొనాల్సి వచ్చింది.

అప్పట్నుంచి సంత తీరు మారింది. ఏ వారం వెళ్లినా తోహిర్ చాప మీద ఒక మోరిస్ ముక్క సిద్ధంగా ఉండేది. తలుపు పిడి, లైటు రింగు, కార్బురేటర్. ధర వారం వారం దిగజారింది. బేరానికి ప్రాణమిచ్చే తోహిర్, "మీకెంత తోస్తే అంత" అంటూ ఆకాశంలోకి చూసేవాడు. ఒకటి రెండు తుడిచి నూనె రాసి ఉండేవి. కొబ్బరినూనె వాసన. దేవుడు దయగలవాడని కసిరాన్ ఎప్పుడూ నమ్మినవాడే కాబట్టి ఆశ్చర్యపోలేదు. దేవుడు కార్బురేటర్‌కు కొబ్బరినూనె ఎందుకు రాస్తాడన్నదే కొంచెం అంతుపట్టలేదు.

ఈలోగా సందులో వింత విషయాలు జరిగాయి. మేకలకు మందు కోసమని సుగిత్ పొరుగూళ్ల పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. టుమి భర్త ఇనుము కరిగించే కొలిమి దగ్గర చుట్టాన్ని చూసొస్తానని వెళ్లి, చేతులకు మసితో వచ్చాడు. చుట్టం ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదు. నమాజు గదిలో కొత్త చాపలు పడ్డాయి. ఇచ్చినదెవరంటే, 'దేవుని దాసుడు' అని మైకులో చెప్పారు.

రువాహ్ నెల ప్రవేశించింది. బండి దాదాపు నిలబడింది. సైగచేతులే లేవు. చివరి సంతరోజున తోహిర్ చాప మీద అరటాకు పొట్లం ఒకటి ఉంది. విప్పితే నారింజరంగు చెయ్యి, కుడివైపుది.

కసిరాన్ చూస్తున్నది చేతిని కాదు, ఆకు ముడిని. వెదురు ఈనెను రెండు మెలికలు తిప్పి కొస లోపలికి దోపే ఆ ముడి ఆ పొద్దున్నే తన ఇంట్లో విప్పాడు, టెంపే తినడానికి.

"ఇదీ మలాంగ్ నుంచేనా తోహిర్ తమ్ముడూ?"

"మలాంగే పక్."

"మలాంగ్ వాళ్లు ముడి బాగా వేస్తారు."

తోహిర్ తల గోక్కున్నాడు, అటూ ఇటూ చూశాడు. "నన్నేమీ అడక్కండి. మీకు చెప్పనని ఆ మేకలాయన నాచేత ఒట్టేయించుకున్నాడు." అని నాలిక కరుచుకున్నాడు.

కసిరాన్ గిన్నె మూతలున్న వైపు తిరిగి, ఒకటి తీసుకుని తిప్పసాగాడు. ఒక్కొక్కటే అర్థమైంది. పాతసామాన్ల బండివాడు మళ్లీ సందులోకొచ్చి, మోరిస్ సామాను ఇంకా ఉందా, సోలోలో ఒక ముసలాయన ఎగబడి కొంటున్నాడని సుగిత్‌నే అడిగి ఉంటాడు. సుగిత్‌కు ఆ క్షణాన కాళ్ల కింద భూమి చీలినట్టయి ఉంటుంది. క్షమించమని గుమ్మంలోకి వస్తే, పిట్ట అబద్ధం బయటపడి కసిరాన్ తల దించుకోవాలి. అందుకని సందువాళ్లంతా కలిసి ఎక్కడెక్కడి ముక్కలో వెతికి తెచ్చి, తనకే కనబడేలా సంతలో పెట్టించారు. తాను కట్టిన డబ్బు ఏమైందో కూడా తెలిసింది. ఇన్నాళ్లుగా ఆ కొత్త చాపల మీదే నమాజు చేస్తున్నాడు.

"రెండోది?" అని మెల్లగా అడిగాడు.

"కొలిమిలో పడిపోయిందట పక్. మసిలో చాలా వెతికారట."

మర్నాడు టుమి టెంపే ఇస్తుంటే, "ఈమధ్య నీ చేతి ముడి ఎంత బాగుందో," అన్నాడు.

"ఎప్పుడూ వేసేదేగా," అంది టుమి. తట్ట ఎత్తుకోబోయి కిందపెట్టి, ఇంకో రెండు పొట్లాలు గుమ్మంలో పెట్టి గబగబా వెళ్లిపోయింది.

సమాధుల రోజున సందంతా అప్పాల తట్టలతో, పూలబుట్టలతో బయల్దేరింది. ఆకుపచ్చ మోరిస్ బు సుమార్ని ఇంటి ముందు ఆగింది. ఆవిడ బూరుగుపువ్వు రంగు చీర కట్టుకుని, కర్రతో బానెట్‌ను ఒకసారి తట్టింది, అప్పుడే పుట్టిన బిడ్డను ఏడిపించడానికి తట్టినట్టు. ఇంజను దగ్గి, ఏడ్చింది. ఆవిడ తృప్తిగా ఎక్కి కూర్చుంది.

"ఏ లోటూ లేదుగా పక్ కసిరాన్?" అని అడిగాడు సుగిత్. అందరి కళ్లూ ఎడమవైపు ఖాళీ గూటి మీద వాలి, ఒక్కసారే లేచిపోయాయి.

"ఏ లోటూ లేదండీ. అన్నీ దొరికాయి. మలాంగ్‌లో మంచివాళ్లున్నారు."

"ఉంటారు, ఉంటారు," అన్నాడు సుగిత్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

బండి ముందు, జనం వెనక. పెద్దరోడ్డు మీద కుడికి తిరిగేటప్పుడు నారింజ చెయ్యి టక్కున లేచింది. వెనక నడుస్తున్నవాళ్ల నుంచి ఒక్క నిట్టూర్పు వినిపించింది. కానీ సమాధుల దిబ్బకు ఎడమకు తిరగాలి. చెరుకు లారీ ఒకటి వెనకే వస్తోంది. కసిరాన్ అలవాటుగా మీట నొక్కాడు. గూడు ఖాళీగా క్లిక్కుమంది.

"ఎడమ చెయ్యేది నాయనా?" అంది సుమార్ని.

"వచ్చే శుక్రవారానికి, బు."

"ఊఁ. జరిగిందంతా నేనూ విన్నాన్లే, నాకు తగ్గింది చూపే, వినికిడి కాదు. మీ అందరి బొడ్డూ కోసినదాన్ని. ఎవడి కడుపులో ఏముందో నాకు తెలీదూ?"

అద్దం దించి, ముడతలు పడ్డ చేతిని నిటారుగా ఎడమకు చాపింది. లారీ ఆగింది. వెనక సుగిత్ ఆగాడు, టుమి ఆగింది, తట్టలన్నీ ఆగాయి. ఆ చేతి మీదుగానే అందరూ ఈ లోకంలోకి వచ్చారు మరి.

మోరిస్ మెల్లగా ఎడమకు తిరిగి, దిబ్బ ఎక్కింది.