గిబ్బీ కార్డ్నో మొదటి మిషన్

మామయ్య మిషన్‌లో బోల్టు వేసింది మా అమ్మే. రేవంతా చూస్తుండగా వేసింది.

అప్పట్లో హెర్రింగ్ చేపల కడుపు చీల్చి పేగులు లాగే పని ఆడవాళ్ళది. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, ఉప్పునీళ్ళలో నిలబడి, పొద్దుగూకేదాకా కోసేవాళ్ళు. గిల్బర్ట్ కార్డ్నో అమ్మకు తమ్ముడు. ఊరందరికీ గిబ్బీ. అబర్డీన్‌లో ఓడ ఇంజన్ల పని నేర్చుకుని ఇంజనీరయ్యాడు. ఆ ఉద్యోగం వదిలేసి, చేపలు కోసే మిషన్ సొంతంగా తయారుచేసి మా రేవులో దించాడు. చూడ్డానికి, దానికి అప్పిచ్చిన బ్యాంకు పెద్దాయన కూడా వచ్చాడు.

"మా చేతులు నరికి దీనికి తగిలించావట్రా గిబ్బీ?" అంటూ అమ్మ చేపలతోపాటు ఓ బోల్టు కూడా అందులోకి వదిలింది. మిషన్ కరకరమని ఆగిపోయింది.

"అయ్యో, దాని గొంతులో చేపముల్లు గుచ్చుకుంది! ఓ బంగాళాదుంప మింగించరా!" అని ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

సొంత అక్కే ముంచిందని జాలిపడి బ్యాంకాయన మళ్ళీ అప్పిచ్చాడు. మామయ్య పక్క ఊళ్ళో షెడ్డు వేశాడు. షెడ్డు ఫ్యాక్టరీ అయింది. ఐస్‌లాండ్ దాకా అమ్మాడు. రేవులో కత్తులు మూలపడ్డాయి. ఆ కత్తులు పట్టిన తల్లుల కొడుకులం ఆయన దగ్గరే ఫిట్టర్లుగా చేరాం. కూటికోసం. ఆ సిగ్గు గురించి మా ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు.

అమ్మ సిగ్గు వేరు. మా ప్రార్థన హాల్లో, తోబుట్టువుతో తగువున్నవాళ్ళు ఆదివారం ఆరాధనలో అందరూ పంచుకునే ప్రభువు రొట్టె ముట్టకూడదు. ఇద్దరూ లేచి, జరిగింది జరిగినట్టు చెప్పి, చేతులు కలపాలి. అమ్మ లేచి తన తప్పు చెప్పుకుంది. మామయ్య రాలేదు. ఇక ప్రతి ఆదివారం రొట్టె పళ్ళెం అమ్మను దాటి పక్కమనిషికి పోయేది. అమ్మ తలెత్తే కూర్చునేది. నేనే నేల చూసేవాణ్ణి.

మామయ్యది పొగరనుకున్నాం. కిందటి శీతకాలం అమ్మ గుండెజబ్బుతో మంచం పడితే వచ్చాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ బోల్టు తగలకముందే ఇరుసు విరిగింది. లెక్క తప్పింది నేనే. ఆ చప్పుడు నాకు వినపడింది."

"మరి చెప్పవేంరా?"

"చెబితే బ్యాంకు ఇచ్చేదా? వాళ్ళ ముందు అబద్ధమాడగలిగాను. హాల్లో ఆడలేకే రాలేదు."

"పోయేలోగా ఒక్కసారి ఆ రొట్టె తినాలనుందిరా. నా చెవిలో కాదు, హాల్లో లేచి చెప్పు."

"ఈ ఆదివారం చెబుతా."

ఆదివారం అమ్మ మంచి టోపీ పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నడిచింది. హాలు తలుపు చప్పుడైనప్పుడల్లా వెనక్కి తిరిగింది. పాట మొదలైంది. ఉండబట్టలేక నేను బయటికొచ్చాను. వెనక సందులో మామయ్య కారు, ఇంజన్ ఆడుతూనే ఉంది. లోపల నల్లసూటులో ఆయన.

"రా మామయ్యా. పళ్ళెం ఇంకా మా వరుసకు రాలేదు."

"రేపు నార్వేవాళ్ళు మిషన్లు కొనడానికొస్తున్నారు అల్లుడూ. ఈ సంగతి పొక్కితే మీ జీతాలు కూడా..."

"మా జీతాల పేరెత్తకు."

ఆయన స్టీరింగు మీది తన చేతుల్నే చూసుకున్నాడు. తరవాత గేరు వేశాడు. అద్దం ఎక్కిస్తూ అన్న మాటే నేను ఆయన నోట విన్న చివరిది.

"అక్క అడిగితే, నేను కనబడలేదని చెప్పు."