నాలుగు నిమిషాల పెద్దది

మాతృత్వం వరమని ఉపన్యసించేవాళ్ళలో చాలామంది ఆ వరాన్ని చంకనేసుకుని మూడంతస్తులు దిగినవాళ్ళు కారు. వరాలు రెండైతే అసలే కారు.

ఈ సంగతి కాటా మేడంకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆవిడ లారీల కాటా దగ్గర తొమ్మిదేళ్ళుగా గుమాస్తా. ఆ బిరుదు డ్రైవర్లు ఇచ్చింది. లారీ కాటా ఎక్కి ఆగగానే గదిలో తూకం అంకె వెలుగుతుంది. ఆవిడ దాన్ని వెంటనే నమ్మదు. బయటికొచ్చి వెనక చక్రం కాటా అంచు దాటిందేమో వంగి చూస్తుంది. ఖాళీ లారీ అయితే సీట్లో కునుకు తీస్తున్న డ్రైవరును లేపి కిందికి దింపుతుంది. ఆ తర్వాతే కలం పడుతుంది. "నేను చెప్తున్నాగా మేడం, రాసేసుకోండి" అనేవాళ్ళకు ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే: "కాటా వేసినవాళ్ళే చీటీ రాస్తారు."

అంత ఖచ్చితమైన మనిషి ఇంట్లో మాత్రం మూడున్నర నెలలుగా ఇద్దరు పేరులేని పిల్లలున్నారు. కవల ఆడపిల్లలు. పేర్ల కోసం అత్తగారి తరఫున ఒక జాబితా, భర్త తరఫున ఒక జాబితా తయారయ్యాయి. రెండు పేర్లకూ ప్రాస కుదరాలని ఒకరు, మొదటి అక్షరం కలవాలని ఒకరు పట్టు పట్టారు. పిల్లలు మాత్రం ఈలోగా పెరగడం మానలేదు. అంతవరకూ పనికొస్తుందని ముందు పుట్టినదాన్ని పెద్దది, నాలుగు నిమిషాలు వెనక పుట్టినదాన్ని చిన్నది అన్నారు. ఆ చిన్నది పుట్టిన రోజు నుంచీ పెద్దదానికంటే బొద్దుగా ఉంది. ఈ చిన్న విషయాన్ని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆవిడ సెలవు ఈ నెలాఖరుతో అయిపోతుంది. కాటాకు రెండు వీధుల అవతల పసిపిల్లల్ని చూసే కేంద్రం ఉంది. పొద్దున ఇద్దర్నీ అక్కడ దింపి, సాయంత్రం తెచ్చుకుంటానంది.

"ఒక్కదానివే? ఇద్దర్నీ? నీవల్ల ఏమవుతుందే?" అన్నాడు భర్త. ఆయన ఒక పెద్ద కార్యాలయంలో ఉత్తరాలు రాసే ఉద్యోగి. అనుమానం వస్తే ఉత్తరం రాయడం ఆయనకు అలవాటు. అలాగే భార్య రాజీనామా రాసేశాడు. "కుటుంబ కారణాల దృష్ట్యా" అని మొదలుపెట్టి, అందమైన చేతిరాతలో ముగించి, ఆవిడ సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు కూడా వేసి ఇచ్చాడు. ఎంత సాయం!

సరిగ్గా ఆ వారంలోనే టీకాల రోజు వచ్చింది. అత్తగారికి కాలు మడతపడింది. భర్తకు తనిఖీ ఉంది.

"వచ్చే వారం చూద్దాంలే," అన్నాడాయన.

"ఎందుకు? నేనే తీసుకెళ్తాను. ఇద్దరికీ సూదులు వేయించుకుని తిరిగొచ్చానా, ఒకటో తారీఖున డ్యూటీ. నావల్ల కాలేదా, మీరు వేసిన ఇంటూ మీద సంతకం. సరేనా?"

"పంతాలకు పిల్లలే దొరికారా అమ్మాయ్!" అంది అత్తగారు మంచం మీంచి. అంటూనే ఇద్దరికీ ఒకే పసుపురంగు గౌన్లు, ఒకే టోపీలు బయటికి తీయించింది. కవలలన్నాక ఒకేలా కనబడకపోతే చూసేవాళ్ళకు ముచ్చటేముంటుంది?

భర్త కార్యాలయం వాళ్ళు కానుకిచ్చిన జంట తోపుడుబండి ఒకటి వరండాలో ఉంది. అది ఏ గుమ్మంలోనూ పట్టదు. అందరి ప్రేమకూ గుర్తుగా దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. అంచేత పెద్దదాన్ని ముందువైపు గుడ్డసంచిలో కట్టుకుని, చిన్నదాన్ని ఎడమ భుజాన వేసుకుని, భర్త స్వయంగా సర్దిన సంచిని కుడి భుజానికి తగిలించుకుని ఆవిడ మెట్లు దిగింది. ఆ సంచికి పదకొండు అరలు. ఎప్పుడేది కావాలో అది తప్ప అన్నీ చేతికి తగిలేలా ఉంది ఆ సర్దుడు.

వీధిలో పది అడుగులు వేసిందో లేదో, చెప్పులు కుట్టుకుంటున్న ముసలాయన తలెత్తాడు.

"కవలలా తల్లీ?"

"కాదు బాబాయ్, ఒకదానికి జిరాక్స్ తీయించాను."

ఆయన పడిపడి నవ్వి, "మరి ఇందులో అసలుదేది?" అన్నాడు. ఆ పొద్దున ఆవిడను ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. దాని విలువ అప్పుడు తెలియలేదు.

ఆస్పత్రిలో టీకాల గది బయట అంచులున్న పొడుగాటి బల్ల, దాని పక్కనే పచ్చ తెర. తెర లోపల నర్సు, పసిపిల్లల కాటా, రిజిస్టరు. బయట ఆయా. కాటా మేడం ఇద్దర్నీ బల్లమీద పడుకోబెట్టి టీకా కార్డుల కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అయిదో అరలో దువ్వెన దొరికింది. మూడున్నర నెలల పిల్లలకు దువ్వెన!

"ముందు ఎవరికమ్మా?" అంది ఆయా.

"పెద్దదానికి," అంది ఆవిడ, తల ఏడో అరలో ఉండగా.

ఆయా పెద్దదాన్ని, అంటే కంటికి పెద్దగా కనిపించినదాన్ని, ఎత్తుకుని తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచి ఒక కేక. దానికి తోడుగా బల్లమీద రెండోది కూడా అందుకుంది. ఆయా వచ్చి మొదటిదాన్ని రెండోదాని పక్కన పడుకోబెట్టింది. పసుపు గౌను పక్కన పసుపు గౌను, టోపీ పక్కన టోపీ, ఏడుపు పక్కన ఏడుపు. అప్పటికి కార్డులు దొరికాయి. చిట్టచివరి అరలో, భద్రంగా.

"ఇక చిన్నదాన్ని ఇవ్వండమ్మా," అని లోపల్నుంచి నర్సు పిలిచింది.

కాటా మేడం రెండు చేతులూ వేసి చూసి, బరువున్నదాన్ని ఎత్తుకుంది. ఆ బరువు ఎడమ చేతికి మూడున్నర నెలల అలవాటు. సందేహమే లేదు, ఇదే చిన్నది. తెర పక్కకు జరిపి, ఒక కన్ను బల్లమీదే ఉంచి, పిల్లను అందించబోయింది. నర్సు చేతిలో సూది సిద్ధంగా ఉంది. అప్పుడు ఆవిడ అరచేతికి పిల్ల తొడకింద ఏదో చల్లగా, తడిగా తగిలింది. స్పిరిట్ వాసన.

"ఆగండి! దీనికి వేసేశారు!"

"దానికి వేశాం కదమ్మా, అది పెద్దది. చిన్నదాన్ని కదా తెమ్మన్నాను?"

"ఇదే చిన్నది!"

"ఇంత బొద్దుగా ఉంటే చిన్నదేంటమ్మా?"

"నాలుగు నిమిషాలు చిన్నది సిస్టర్!"

"నాలుగు నిమిషాలు నా కంటికెలా కనబడతాయి?" అంది నర్సు, న్యాయంగానే. "అయినా నేను చూసుకునేదాన్నేలే," అని కూడా అంది, సూది దించకుండానే.

"తడి దానిదో దీనిదో, ఇద్దరూ పక్కపక్కనే దొర్లారుగా," అని ఆయా తన వంతు అనుమానం చేర్చింది. కాటా మేడం పిల్లను వెనక్కి లాక్కుంది. ఒకదానికి రెండుసార్లు పడి, ఇంకోదానికి అసలు పడకపోతే? ఇంటికెళ్ళి పెన్సిలు గుర్తు మీద సంతకం పెట్టడం సంగతి తర్వాత. ఈ పిల్ల మొహం ఎలా చూడటం? తొమ్మిదేళ్ళలో ఒక్క లారీని కూడా వీపు తిప్పుకుని తూచని మనిషి, కన్నపిల్లను కార్డులు వెతుకుతూ అప్పగించింది.

"మొదటిదాని బరువు రాశారా?" అంది.

"రాశాం. ఆరు కిలోల నూరు గ్రాములు."

"కాటా వెయ్యండి."

వేశారు. చేతిలో ఉన్నది ఆరూ నూరు. బల్లమీంచి తెచ్చినది అయిదూ నాలుగు వందలు. అప్పుడు తేలిగ్గా ఉన్నదాన్ని ఆవిడే ఒళ్ళో పెట్టుకుని, సూది దిగి బయటికొచ్చేదాకా రెప్పవేయకుండా చూసింది. పిల్ల ఏడ్చింది. ఆవిడకు అంత హాయైన ఏడుపు అంతకుముందు వినబడలేదు.

నర్సు కార్డులు అందుకుని నిట్టూర్చింది. "పాప ఒకటి, పాప రెండు అని ఉంది. రిజిస్టరులో ఒకటిదాని గడిలో రెండుదాని బరువు పడింది. ఇంకా పేర్లు పెట్టలేదా?"

"మీటింగులు జరుగుతున్నాయి."

"ఎప్పటికి తేలుతుందమ్మా?"

"ఇప్పుడే తేలింది. ఆ పెన్నిలా ఇవ్వండి."

ఆవిడ రిజిస్టరులో బరువులు సరిదిద్ది, రెండు కార్డుల మీద రెండు పేర్లు రాసింది. ఏ జాబితాలోనూ లేనివి. ప్రాస కుదరదు, మొదటి అక్షరం కలవదు, పిలిస్తే ఎవరూ పొరబడరు. తర్వాత ఒక పిల్ల టోపీ తీసి సంచిలో పడేసింది. ముచ్చట తగ్గితే తగ్గనీ.

సాయంత్రం ఇంట్లో జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"చూశావా మరి! అందుకే వద్దన్నాను," అంది అత్తగారు. "పెద్దదానికి ఏమీ కాలేదు కదా?"

"ఏ పెద్దది అత్తయ్యా?"

అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

భర్త కార్డులు తిప్పి తిప్పి చూస్తున్నాడు. "ఈ పేర్లు ఎవరు పెట్టారు? నన్నొక్క మాట అడగాలిగా?"

"కాటా వేసినవాళ్ళే చీటీ రాస్తారు," అంది ఆవిడ.

తర్వాత అలమరలోంచి ఆ రాజీనామా తీసి, ఇంటూ గుర్తును రబ్బరుతో శుభ్రంగా చెరిపి, కాగితాన్ని ఆయన చేతిలోనే పెట్టింది.

"వెనకవైపు ఖాళీగానే ఉంది. సంచిలో ఏ అరలో ఏముందో దానిమీద రాయండి. ఒకటో తారీఖుకి నాకు కావాలి."