పల్లె బస్సు డ్రైవర్ డేవిడ్‌సన్

నర్సాపురం నుంచి విదేశానికి వలస వచ్చిన డేవిడ్‌సన్ పదహారేళ్లు రెజైనా నగరం చుట్టుపక్కల చిన్న ఊళ్లకు ప్రభుత్వ బస్సు నడిపాడు. లాభం రాకపోయినా ఊరికి బస్సు ఉండాలని డెబ్భై ఏళ్ల కిందట ఆ ప్రావిన్స్, అంటే అక్కడి రాష్ట్రం, పెట్టుకున్న బస్సులవి. ట్రాక్టర్ సామాన్లు, రక్తం శాంపిళ్లు, లైబ్రరీ పుస్తకాలు కూడా వాటిలోనే వెళ్లేవి.

చివరి ఏడాది ప్రతి మంగళవారం ఓల్గా అనే ముసలావిడ ఎక్కేది. గోధుమ రైతు, భర్త పోయాడు, చూపు తగ్గి కారు మానేసింది. గంటన్నర ప్రయాణం చేసి రెజైనాలో కీమో చేయించుకునేది. యుక్రెయిన్ నుంచి వచ్చిన తాత మట్టి ఇంట్లో తొలి చలికాలం ఎలా గడిపాడో ఆవిడ చెబితే, గోదావరి వరదల గురించి డేవిడ్‌సన్ చెప్పేవాడు.

2017 బడ్జెట్‌లో ఆ బస్సులు ఎత్తేశారు. అసెంబ్లీ మెట్ల దగ్గర జనం నిరసన రాతల అట్టలు పట్టుకుని అరిచిన రోజు ఓల్గా కూడా వచ్చింది, డేవిడ్‌సన్ చెయ్యి పట్టుకుని. ఫలితం లేకపోయింది.

"భయపడకండి. మంగళవారం నా కారులో తీసుకెళతాను," అన్నాడాయన.

సిటీ బస్సులో ఉద్యోగం దొరికింది. మంగళవారం సెలవు పెట్టించుకుని, ఏడాది దాటేదాకా మాట నిలబెట్టుకున్నాడు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో యూనివర్సిటీ రూటు కిక్కిరిసిపోయింది. "గుడ్ మార్నింగ్ అంకుల్" అంటూ తెలుగు పిల్లలు గుంపులుగా ఎక్కుతుంటే ఆయనకు సంబరంగా ఉండేది. ఆ రద్దీకి ట్రిప్పులు పెంచారు. సిటీ బస్సుల్లో కొత్తవాడు కనుక ఆయన మంగళవారం సెలవు పోయింది. ఎంత బతిమాలినా షిఫ్ట్ మారలేదు.

ఓల్గా రెండు వారాలు కీమోకి వెళ్లలేదు. కోతల కాలం, పక్కింటివాళ్లకు తీరిక లేదు. మూడో వారం ఫోన్ చేసింది.

"డేవిడ్, ఇక రానని డాక్టర్‌కి చెప్పేశాను."

"ఒక్క నెల ఓపిక పట్టండి. షిఫ్ట్ మారుతుంది."

"నీ గురించి కాదు. నేనే అలసిపోయాను."

నిజం చెప్పిందో, తనను నొప్పించకూడదని అన్నదో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. ఫిబ్రవరిలో ఓల్గా చనిపోయింది. మంచు తుఫానుకు హైవే మూసేశారు. ఆఖరి చూపూ దక్కలేదు.

ఏప్రిల్‌లో ఇషిత అనే స్టూడెంట్, వరంగల్ అమ్మాయి, బస్సెక్కి ఫోన్‌లో ఓల్గా ఊరి పేరే చూపించింది.

"అంకుల్, ఈడ మోటెల్‌ల జాబ్ వచ్చింది. బస్ ఏడ ఎక్కాలె?"

"అక్కడికి బస్సు లేదమ్మా."

"మరి గా ఊరోళ్లు దవాఖానకు ఎట్లొస్తరు అంకుల్?"

డేవిడ్‌సన్ బస్సు ముందుకు పోనిచ్చాడు. తర్వాతి స్టాప్‌లో తలుపు తెరిచి, అందరూ ఎక్కాక కూడా అలాగే కూర్చుండిపోయాడు. ఇషిత కంగారుగా నీళ్ల సీసా అందించింది. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి, ఆ పిల్లలందరి ముందే ఏడ్చాడు.